వీధి చివరి చెత్తకుప్ప: ఎత్తించడం ఎలా, మళ్ళీ పడకుండా చూడడం ఎలా

దక్షిణ ఒడిశాలో మన తెలుగువాళ్ళుండే బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, ఏ ఊళ్ళో చూసినా ఈ కుప్ప వాలకం ఒక్కటే. ఖాళీ స్థలం, పక్కన కూలిన ప్రహరీ, వెనక గెడ్డో కాలవో, పైన వెలగని వీధిదీపం. మొదట ఎవరో పాత ఇల్లు పడగొట్టి రాత్రికి రాత్రి ఒక ట్రాక్టరు ఇటుక పెళ్ళలు దించేసి పోతారు. ఆ మీద పెళ్ళి భోజనాల విస్తళ్ళు, కోడి ఈకల సంచులు, తాగి పడేసిన బొండాలు, చిరిగిన పరుపు. ఏడాది తిరిగేసరికి అది చెత్త వేసే చోటేనని వీధంతా ఒప్పేసుకుంటుంది.

ఆదివారం పొద్దున్నే ఇరవైమంది చీపుళ్ళు పట్టుకుని ఫోటో దిగితే ఇది పోదు. ఎత్తడం ఒక పూట పని. ఎత్తినది ఎక్కడికి పోతుంది, ఖాళీ అయిన చోట మర్నాడు ఏముంటుంది, ఈ రెండూ తేలేదాకా ఎవరూ పార పట్టుకోకండి. తేల్చడానికి మూడు వారాలు పడుతుంది. అందుకని తేదీ ముందే ప్రకటించేయకండి.

స్థలం ఎవరిది

మొదటి పని ఇదే. ఒడిశాలో భూమి వివరాలు భూలేఖ్ వెబ్‌సైటులో ఉంటాయి. ప్లాట్ నంబరు తెలియకపోతే ముందు భూనక్షలో మీ మౌజా (రెవెన్యూ గ్రామం) పటం తెరిచి, చుట్టుపక్కల ఇళ్ళను బట్టి ఆ ముక్కను గుర్తుపట్టండి. తరవాత ఆ నంబరుతో భూలేఖ్‌లో ఖాతా చూడండి. రికార్డంతా ఒడియాలోనే ఉంటుంది. మాట్లాడడం వచ్చినా చదవడం రాని వాళ్ళు మనలో చాలామంది కాబట్టి, బడికెళ్ళే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుంటే పని జరిగిపోతుంది. అప్పటికీ తేలకపోతే ఆర్.ఐ. (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు) ఆఫీసుకు వెళ్ళి అడగండి.

ప్రభుత్వ భూమి అయితే మున్సిపాలిటీకి ఇచ్చే దరఖాస్తు కాపీ ఒకటి తహసీల్దారుకు ఇవ్వాలి. రైల్వే స్థలమైతే స్టేషన్ మాస్టారు ద్వారా రాతపూర్వకంగా అడగకుండా అడుగు పెట్టకూడదు. ప్రైవేటు స్థలమైతే యజమాని దగ్గర ఒక కాగితం మీద సంతకం తీసుకోండి. చెత్త తీస్తామంటే ఎవరు కాదంటారని అనుకోవద్దు. అక్కడ పడి ఉన్న ఇటుకలూ ఇనుప ఊచలూ తనవేనని, మీరు ఎత్తుకుపోయారని తగవు పెట్టే వాళ్ళుంటారు. యజమాని బయటి ఊళ్ళో ఉండి పలకకపోతే, మున్సిపాలిటీ చేత నోటీసు ఇప్పించమని అడగండి. దానికీ కదలక, దుర్వాసన, దోమలు, కాలవ పూడిక దాకా వస్తే, భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద సబ్ కలెక్టరుకు అర్జీ పెట్టుకోవచ్చు. పాత సి.ఆర్.పి.సి.లో ఇది 133వ సెక్షన్. బహిరంగ ఇబ్బందిని తొలగించమని ఆదేశించే అధికారం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు అక్కడే ఉంది.

కుప్పను కొలవండి

కంటితో చూసి 'రెండు బళ్ళు' అనేస్తారు. ఎత్తడం మొదలుపెట్టాక అది తొమ్మిది బళ్ళవుతుంది. కార్యక్రమాలు మధ్యలో చతికిలపడేది చాలావరకు ఇక్కడే.

టేపు తీసుకుని పొడవు, వెడల్పు, నడిమధ్య ఎత్తు అడుగుల్లో కొలవండి. మూడూ గుణించి, సగం చేయండి. అంచులు వాలుగా ఉంటాయి కాబట్టి. దానికి నాలుగో వంతు కలపండి. తవ్వేసరికి తొక్కిడి వదిలి పొంగుతుంది కాబట్టి. ఉదాహరణకు 30 అడుగుల పొడవు, 12 వెడల్పు, 4 ఎత్తు: 1,440 ఘనపుటడుగులు. సగం 720. నాలుగో వంతు కలిపితే 900. ట్రాక్టర్ ట్రాలీకి సుమారు 100 ఘనపుటడుగులు పడతాయి, అంటే 9 ట్రాలీలు. ఇంకో లెక్క కూడా చూసుకోండి. మామూలు చెత్త ట్రాలీ నిండా వేస్తే టన్ను, టన్నున్నర తూగుతుంది. ఇటుక పెళ్ళలూ సిమెంటు ముక్కలూ అదే ట్రాలీ నిండా వేస్తే మూడున్నర టన్నులు దాటుతుంది. డ్రైవరు ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా. పెళ్ళలు ఎక్కువగా ఉంటే ట్రాలీ మూడింట రెండు వంతులే నిండుతుందని లెక్క వేసుకుని ట్రిప్పులు పెంచండి.

మనుషుల లెక్క: అలవాటు లేని ఇరవైమంది మూడు గంటలు కష్టపడితే మూడు, మహా అయితే నాలుగు ట్రాలీలు నిండుతాయి. అంతకు మించిన కుప్పకు జేసీబీ ఉండాల్సిందే. జేసీబీ గంటల లెక్కన, ట్రాక్టరు ట్రిప్పుల లెక్కన అద్దెకు వస్తాయి. జేసీబీకి కనీస గంటలు ఎన్నో, ఊరి చెత్త దింపే యార్డు దగ్గర దింపడానికి కూలీ వేరుగా ఉందో లేదో ముందే అడిగి కాగితం మీద రాసుకోండి.

అన్నిటికన్నా మెల్లగా నడిచేది బండి. యార్డు ఆరేడు కిలోమీటర్ల దూరంలో ఉంటే, వెళ్ళి దింపి వచ్చేసరికి గంట. రెండు ట్రాక్టర్లు మూడు గంటల్లో ఆరు ట్రిప్పులే వేస్తాయి. తొమ్మిది ట్రాలీల కుప్పకు మూడో ట్రాక్టరు కావాలి, లేదా పని రెండు ఆదివారాలకు పంచుకోవాలి. బండి కోసం ఎదురుచూస్తూ ఎండలో కూర్చున్న జనం రెండోసారి రారు.

ఆఫీసులో ఏం అడగాలి

దరఖాస్తు బరంపురంలో అయితే మున్సిపల్ కార్పొరేషన్ కమిషనరుకు ఇవ్వాలి. పర్లాకిమిడి, గుణుపురం లాంటి చోట్ల మున్సిపాలిటీ ఎగ్జిక్యూటివ్ ఆఫీసరుకు. చిన్న పట్నాల్లో ఎన్.ఏ.సి. (నోటిఫైడ్ ఏరియా కౌన్సిల్) ఆఫీసుకు, పల్లెల్లో సర్పంచికి, పంచాయతీ ఎగ్జిక్యూటివ్ ఆఫీసరుకు. దరఖాస్తు ఒడియాలో ఒక పేజీకి మించకుండా ఉండాలి. దానికి నాలుగు ఫోటోలు జత చేయండి. నాలుగు దిక్కుల నుంచీ తీసినవి, తేదీ, స్థలం ముద్ర పడేలా. రెండో కాపీ మీద 'రిసీవ్డ్' ముద్ర, తేదీ వేయించుకోకుండా బయటికి రావద్దు. స్వచ్ఛత యాప్‌లో కూడా ఫోటోతో ఫిర్యాదు పెట్టి ఆ నంబరు దరఖాస్తులో రాయండి.

అడగాల్సినవి స్పష్టంగా మూడు. ఆ రోజుకి ఎన్ని బళ్ళు ఇస్తారు. దింపే చోటు ఏది, అక్కడ ఎవరికి చెప్పి ఉంచుతారు. ఆ మూల వీధిదీపం ఎప్పటికి వెలిగిస్తారు. దీనికి స్తంభం మీది నంబరు రాసుకెళ్ళండి, లేకపోతే 'చూస్తాం' దగ్గరే ఆగిపోతుంది. కుప్ప ట్రాన్స్‌ఫార్మరుకో కరెంటు స్తంభపు స్టే వైరుకో ఆనుకుని ఉంటే కరెంటు కంపెనీ టీపీఎస్ఓడీఎల్ సెక్షన్ ఆఫీసుకు కూడా ఉత్తరం పెట్టి, ఆ గంటలు లైను ఆపమని కోరండి. జేసీబీ చెయ్యి పైకి లేచినప్పుడు డ్రైవరు చూపు కింది బకెట్టు మీద ఉంటుంది, తీగ మీద ఉండదు.

శానిటరీ ఇన్‌స్పెక్టరును, వార్డు జమాదారును స్వయంగా కలవండి. బండి పంపేది, పంపనిది నిజానికి వాళ్ళే. ఇంటింటి చెత్త సంగతి చూసే వార్డు స్వచ్ఛ సాథీని కూడా కలుపుకోండి. ఏ ఇంటివాళ్ళు బండికి చెత్త ఇవ్వరో, ఏ దుకాణం సాయంత్రం పూట సంచి విసిరేస్తుందో ఆమెకు తెలిసినంతగా కార్పొరేటరుకు తెలియదు. వార్డులో మహిళా సంఘాలు నడిపే ఎం.ఆర్.ఎఫ్. కేంద్రం (పొడి చెత్త ఏరి వేరుచేసే చోటు) ఉంటే, పొడి చెత్తలో ఏవేవి తీసుకుంటారో అడగండి. శుభ్రంగా ఏరిన సీసాలు, ప్లాస్టిక్ బాటిళ్ళు, అట్టలు, ఇనుము తీసుకుంటారు. మట్టి కలిసిన పాత సంచులు తీసుకోరు. ఏళ్ళ తరబడి కుళ్ళి మట్టైపోయినది కంపోస్టు కేంద్రానికి పంపుదామని కొందరు అంటారు. గాజుపెంకులు, బ్యాటరీలు కలిసిన ఆ మట్టిని వాళ్ళు వెనక్కి పంపేస్తారు, పంపడమే సబబు.

వందమందికి మించి చేరే కార్యక్రమమైతే మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకు తెలపాలన్న నిబంధన 2016 ఘన వ్యర్థాల నియమాల నాటి నుంచీ ఉంది. ఒక కుప్పకు వందమంది ఎందుకు? పాతికమంది చాలు. మిగతా వాళ్ళు తొక్కిడి.

ఎప్పుడు పెట్టుకోవాలి

నవంబరు నడిమి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అక్టోబరు తుపాన్ల నెల. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ రెండూ ఈ నెలలోనే వచ్చాయి. అలాంటప్పుడు ఊళ్ళో ఉన్న ప్రతి బండీ పడిన చెట్ల మీద ఉంటుంది, మీకు రాదు. ఏప్రిల్, మే ఎండల్లో అయితే ఆరింటికి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు ఆపేయాలి. కుప్ప గెడ్డను గానీ మురుగుకాలవను గానీ మూసేస్తుంటే మాత్రం, ఎండైనా సరే జూన్ వానలకు ముందే తీయించాలి. వానాకాలంలో చెత్త నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది, ట్రాక్టరు దిగబడుతుంది, పాములు మెరక వెతుక్కుంటూ వచ్చి కుప్పలోనే చేరతాయి.

సామాను, పాతికమందికి

పారలు 6, దంతెలు 4, గునపాలు 2, తుప్పలు కొట్టడానికి కొడవళ్ళు 3, ఇనుప తట్టలు 10, ఖాళీ బియ్యం బస్తాలు 150, పొడుగు పట్టకార్లు 4. చేతి తొడుగులు 30 జతలు, అరచేతికి రబ్బరు పూత ఉన్నవి. డాక్టర్లు వాడే పల్చటి తొడుగులు గాజుపెంకుకు కాగితంతో సమానం. వేళ్ళు కప్పే బూట్లు లేని వాళ్ళను కుప్ప మీదికి ఎక్కనివ్వకండి. చెప్పులతో వచ్చిన వాళ్ళకు నీళ్ళు, బస్తాల లెక్క, బళ్ళ లెక్క అప్పగించండి. దుమ్ముకు ఎన్-95 మాస్కు. మనిషికి లీటరున్నర మంచినీళ్ళు స్టీలు డ్రమ్ములో పోసి, గ్లాసులు పెట్టండి. నీళ్ళ ప్యాకెట్లు తెస్తే మధ్యాహ్నానికి ఇంకో కుప్ప తయారు.

బస్తాను సగం దాకానే నింపండి, 12 నుంచి 15 కిలోలు. నిండా కుక్కితే ట్రాలీ మీదికి విసిరేటప్పుడు నడుము పడుతుంది, లేదా అడుగు చిరిగి మొత్తం మళ్ళీ కిందే పడుతుంది. గాజు ఉన్న బస్తాకు ఎర్ర గుడ్డ ముక్క కట్టండి. దాన్ని భుజాన వేసుకోకూడదు, కాలికి ఆనించి మోయకూడదు.

ముట్టుకోకూడనివి

సిరంజీలు, సూదులు: చేత్తో కాదు, పట్టకారుతో. గట్టి గోడలున్న అయిదు లీటర్ల నూనె డబ్బాలో వేసి మూత బిగించండి. సూదికి టోపీ తొడగబోకండి, గుచ్చుకునేది అప్పుడే. గుచ్చుకుంటే పిండకుండా, సబ్బు నీళ్ళతో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. హెచ్.ఐ.వి. నివారణ మందులు 72 గంటల లోపే పనికొస్తాయి, ఎంత తొందరగా వేసుకుంటే అంత మేలు. ఒకటో రెండో సూదులు కాక, పసుపు, ఎరుపు సంచులే కనిపిస్తే అది ఏదో నర్సింగ్ హోం పని. కదపకండి. ఫోటో తీసి మున్సిపాలిటీకి, కాలుష్య నియంత్రణ బోర్డు ప్రాంతీయ కార్యాలయానికి పంపి, ఆ మూల తాడు కట్టి వదిలేయండి.

పగిలిన సిమెంటు రేకులు మన ఇళ్ళ కూల్చివేతల్లో మామూలే. ఆస్‌బెస్టాస్ ఉన్న రేకు విరిగితే దాని పొడి ఊపిరితిత్తుల్లో ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. నీళ్ళతో తడిపి, ఇంకా విరగ్గొట్టకుండా, మందపాటి పాలిథిన్‌లో చుట్టి విడిగా పెట్టి ఆఫీసు వాళ్ళకు చూపించండి. ట్యూబులైట్లు, బ్యాటరీలు, పురుగుమందు డబ్బాలు మరో పెట్టెలో. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఘన వ్యర్థాల నియమాల ప్రకారం ఇంటి చెత్త నాలుగు విధాలు: తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త కావలసినవి. ఈ పెట్టె ఆ నాలుగో రకం.

చచ్చిన జంతువును మున్సిపాలిటీకే వదిలేయండి. మురుగుకాలవ లోపలికి, మ్యాన్‌హోల్ లోపలికి ఎవరినీ దించకండి. మీ వాళ్ళనూ కాదు, కూలికి వచ్చిన వాళ్ళనూ కాదు. 2013 చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగు కాలవల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి దించడం నేరం.

పాములు: పెళ్ళల సందులు, పరుపుల కింద, రేకుల కింద. పని మొదలుపెట్టే ముందు కర్రతో తట్టి, అయిదు నిమిషాలు ఆగండి. ఏ వస్తువునైనా మీ నుంచి దూరపు అంచు పట్టి, మీ వైపుకు లేపండి. అడుగున ఉన్నది అటు పోతుంది, మీ కాళ్ళ మీదికి రాదు. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, పసరు పోయడం వద్దు. ఆ కాలు గానీ చెయ్యి గానీ కదలకుండా ఉంచి 108కి ఫోను చేయండి. విషానికి విరుగుడు మందు ఏ ఆసుపత్రిలో ఉందో వారం ముందే కనుక్కోవాలి. బరంపురం చుట్టుపక్కల వాళ్ళకు ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఉంది. గజపతి జిల్లా కొండల్లో ఉన్న వాళ్ళు దగ్గరి ఆసుపత్రికి ఫోను చేసి అడగాలి.

ఆ పూట

ఆరింటికి నలుగురు అనుభవజ్ఞులు మాత్రం కుప్ప చుట్టూ తిరిగి సూదులు, గాజు, రేకులు ఉన్నచోట సున్నంతో గీతలు గీయాలి. ఆరున్నరకు మిగతా వాళ్ళు. మొదటి గంట పైన ఉన్నవి ఏరడం: ఇనుము, సీసాలు, బాటిళ్ళు, అట్టలు. పాత సామాను కొట్టువాడిని అక్కడికే రమ్మనండి. వచ్చిన డబ్బు టీ ఖర్చుకు సరిపోతుంది. ఆ కుప్ప మీద రోజూ ఏరుకుని బతికేవాళ్ళుంటే ముందుగా వాళ్ళతో మాట్లాడి, ఏరినది వాళ్ళకే ఇవ్వండి. వాళ్ళ కూడు తీసేసి వీధి బాగుచేశామనడం ఏం న్యాయం?

ఏడున్నరకు విజిలు. అందరూ 30 అడుగుల అవతలికి. అప్పుడే జేసీబీ దిగాలి. బకెట్టు తిరుగుతున్నప్పుడు 'ఆ ఒక్క సీసా' తీద్దామని లోపలికి వెళ్ళే మనిషి ప్రతిచోటా ఒకరుంటారు. అతన్ని ఆపడానికే ఒక పెద్దమనిషిని తాడు దగ్గర నిలబెట్టండి. పెళ్ళలను, చెత్తను ఒకే ట్రాలీలో కలపకండి. పెళ్ళలు ఊరిబయట గోతులు పూడ్చడానికి ఆఫీసు చెప్పిన చోట పనికొస్తాయి. చెరువు గట్టున, గెడ్డ ఒడ్డున వేద్దామని డ్రైవరు అంటే ఒప్పుకోవద్దు. అది ఇంకో వీధి కుప్పకు పునాది. ప్రతి ట్రాలీ మీద టార్పాలిన్ కట్టించి, వెనక మోటారు సైకిల్ మీద ఒకరు యార్డు దాకా వెళ్ళాలి. దారిలో వేయింగ్ బ్రిడ్జి ఉంటే కాటా చీటీ తీసుకోండి. రేపు మళ్ళీ బండి అడగడానికి టన్నుల లెక్క ఉన్న చీటీ చేతిలో ఉండాలి.

నిప్పు పెట్టడం నిషిద్ధం, మిగిలిన ఆకులకైనా సరే. అడుగున పాలిథిన్, టైరు ముక్కలు ఉంటాయి, రెండు రోజులు రాజుకుంటూనే ఉంటుంది.

జేసీబీ వెళ్ళాక దంతెలతో నేల చదును చేసి, నాలుగు పాళ్ళు సున్నానికి ఒక పాలు బ్లీచింగ్ పౌడరు కలిపి గాలికి వెన్ను పెట్టి చల్లండి. ఫినాయిలు, ఆసిడు దాని మీద పోయకండి. ఆసిడు తగిలితే క్లోరిన్ వాయువు లేస్తుంది. అదయ్యాక అందరూ చేతులు కడుక్కుని, తొడుగులు విడిగా బస్తాలో వేసి, అప్పుడు ఉప్మా.

అదే సాయంత్రం

ఖాళీ స్థలం ఒక రాత్రి ఖాళీగా ఉంటే చాలు, మొదటి సంచి పడుతుంది. సంచి పడితే మూడో రోజుకి పది. కాబట్టి ఆ సాయంత్రం లోపే ఏదో ఒకటి నిలబడాలి. బండి దారిని మూసే నాలుగు సిమెంటు స్తంభాలు, రెండు వరసల ముళ్ళ తీగ, లేదా కనీసం దారికి అడ్డంగా అడుగున్నర లోతు గాడి. ట్రాక్టరు వెనక్కి వచ్చి దింపలేని చోట ఇటుక పెళ్ళలు పడవు, పెళ్ళలు పడని చోట సంచులు కూడా తగ్గుతాయి. దీపం వెలగాలి. మొక్కలు తరవాత, నీళ్ళు పోసే మనిషి పేరు తేలాక. ఎండిపోయిన మొక్క 'ఇక్కడ ఎవరూ చూడరు' అని చెబుతుంది.

గోడకు దేవుళ్ళ పటాలు అతికించడం చాలామందికి నచ్చే ఉపాయం. పటం ఉన్న పది అడుగులూ బాగుంటాయి, చెత్త పదకొండో అడుగుకు జరుగుతుంది. దేవుణ్ణి చెత్తకు కాపలా పెట్టడం ఏం మర్యాదో కూడా ఆలోచించాలి. బోర్డు పెట్టాలి, ఒడియాలోనూ తెలుగులోనూ. 'వేయరాదు' అని మాత్రమే రాస్తే చాలదు. బండి ఏ వేళకు వస్తుంది, రాకపోతే ఏ నంబరుకు ఫోను చేయాలి, అవి రాయండి. వేయొద్దన్న మనిషికి ఎక్కడ వేయాలో చెప్పకపోతే చీకటి పడేదాకా ఆగుతాడంతే.

మూడు వారాలు కాపలా. రాత్రి తొమ్మిది నుంచి పదకొండు, తెల్లవారుజాము నాలుగున్నర నుంచి ఆరు, ఇవే విసిరే వేళలు. ఇంటికొకరు చొప్పున వంతులు. తగవు పడొద్దు. టార్చి వేసి 'ఏమండీ, బండి పొద్దున్న ఏడింటికి వస్తుంది, మాకివ్వండి' అనండి. ఆటో, ట్రాక్టరు అయితే నంబరు రాసుకుని వార్డు ఆఫీసుకు ఇవ్వండి. చెత్తలో దొరికిన బిల్లులు, కొరియరు కవర్ల మీది పేర్లు వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఆ కవరు ఎవరి చేతులు మారి అక్కడికి వచ్చిందో మీకు తెలియదు. అవి కూడా వార్డు ఆఫీసుకే.

కోడి మాంసం దుకాణాలు, టెంటు హౌసులు, వంటవాళ్ళు, మేస్త్రీలు, ఈ నలుగురితో విడివిడిగా మాట్లాడాలి. వీధి వాళ్ళ సంచి చిన్నది, వీళ్ళ బస్తా పెద్దది. మాంసం దుకాణానికి రోజూ ఈకలు, పేగులు ఎత్తుకెళ్ళే బండి వేళ కుదిర్చి పెట్టండి. దుర్వాసన తగ్గడం, కుక్కలు తగ్గడం అక్కడి నుంచే మొదలవుతుంది. మేస్త్రీకి, ఇల్లు పడగొట్టే యజమానికి పెళ్ళలు ఏ చోట దింపాలో కార్పొరేషన్ ఇచ్చిన కాగితం చూపించండి. పెళ్ళిళ్ళ ముహూర్తాలు వచ్చే నెలల్లో కల్యాణ మండపం వాళ్ళకు ముందుగా గుర్తు చేయాలి.

ఇక భోగి. మన ఇళ్ళలో పాత చాపలు, తలగడలు, విరిగిన కుర్చీలు బయటపడేది ఆ వారంలోనే. మంటలో వేయకూడని ప్లాస్టిక్, రెక్సిన్, పరుపు నురుగు అన్నీ అదే మూలకు నడిచి వెళ్తాయి. జనవరి 10 నుంచి 16 దాకా వార్డుకు రోజూ ఒక అదనపు ట్రిప్పు కావాలని డిసెంబరు మూడో వారంలోనే రాసి ఇచ్చి, ముద్ర వేయించుకోండి. కాటా చీటీల నకళ్ళు కూడా దానికి జత చేయండి.